పాట నెగ్గారు, ఇల్లు దక్కిందా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో టెర్రస్ అని ఒక ప్రైవేటు వీధి ఉంది. మొదట్లోనే గేటు, కాపలా. లోపల గుండ్రంగా తిరిగే రోడ్డు, దాని వెంట 35 భవంతులు. సెనేటర్‌గా చేసిన డయాన్ ఫైన్‌స్టీన్, ప్రతినిధుల సభ స్పీకర్‌గా చేసిన నాన్సీ పెలోసీ ఒకప్పుడు అక్కడ కాపురమున్నవారే. ఇళ్లు ఎవరివి వారివి. రోడ్డు, కాలిబాటలు, మధ్యలో ఉన్న చెట్లూచేమలూ మాత్రం నివాసుల సంఘం పేరున ఉండేవి. ఆ ఉమ్మడి స్థలానికి పన్ను ఏడాదికి 14 డాలర్లు. బిల్లు ఏటా వెళ్తూనే ఉంది. వెళ్లేది మాత్రం 1980లలోనే సంఘం పని మానేసిన ఒక అకౌంటెంట్ చిరునామాకు. దాదాపు 30 ఏళ్లు ఎవరూ కట్టలేదు. అపరాధ రుసుములతో కలిపి బాకీ 994 డాలర్లయింది.

2015లో నగర పన్నుల శాఖ ఆ స్థలాన్ని ఆన్‌లైన్ వేలంలో పెట్టింది. శాన్‌హోజేకు చెందిన ఓ జంట 90,100 డాలర్లకు పాడుకుంది. అలా కోటీశ్వరుల వీధి మొత్తం బయటివాళ్ల చేతికి వచ్చింది. రెండేళ్ల దాకా ఆ సంగతి నివాసులకు తెలియనే లేదు. ఆ వీధిలో 120 వరకు పార్కింగ్ చోట్లు ఉన్నాయి, వాటికి అద్దె వసూలు చేసే ఆలోచన కూడా ఉందని కొత్త యజమానులు చెప్పడంతో 2017లో కథ పత్రికలకెక్కింది. గోటితో పోయే పని గొడ్డలి దాకా వెళ్లిందని లోకం నవ్వుకుంది. ఆ ఏడాది నవంబరులో నగర పాలక మండలి 7–4 ఓట్లతో వేలాన్ని రద్దు చేసింది.

పాటలో మోసం లేదు. ధర కట్టారు, దస్తావేజు పుట్టింది, రికార్డుల్లోకి ఎక్కింది. అయినా రెండున్నరేళ్ల తర్వాత అంతా వెనక్కి పోయింది. వేలానికి ముందు యజమానికి సరైన తాఖీదు అందలేదన్నదే నివాసుల ప్రధాన వాదన.

అమెరికాలో పన్ను బకాయిల కింద అమ్మే ఇళ్ల గురించి వినేవారికి ముందుగా చెవిన పడేది ధర. పదివేల డాలర్లకు ఇల్లు, పాతికవేలకు రెండంతస్తుల ఇల్లు. యూట్యూబ్ వీడియోలు, హోటల్ హాళ్లలో జరిగే శిక్షణ తరగతులు కూడా ఆ ధర చుట్టూనే తిరుగుతాయి. కానీ పాటదారు డబ్బిచ్చి తీసుకుంటున్నది ప్రభుత్వం ఆ ఇంటిని జప్తు చేసిన తీరును. ఆ తీరులో ఎక్కడ లోపం ఉన్నా అది కొన్నవాడి నెత్తికే చుట్టుకుంటుంది.

రెండు దారులు

అమెరికాలో బడులు, పోలీసులు, అగ్నిమాపక దళాలు స్థానిక ఆస్తి పన్ను మీద బాగా ఆధారపడతాయి. అందుకే ఆ బాకీకి చట్టం పెద్దపీట వేసింది. సాధారణంగా బ్యాంకు తాకట్టు కంటే కూడా ఇదే ముందు. పన్ను కట్టకపోతే ఇంటిని అమ్మి రాబట్టుకునే అధికారం స్థానిక ప్రభుత్వానికి, చాలాచోట్ల మన జిల్లా లాంటి కౌంటీకి, ఉంటుంది. ఎలా అమ్మాలన్నది మాత్రం రాష్ట్రానికో రకం.

కొన్ని రాష్ట్రాల్లో ముందుగా అమ్మేది ఇంటిని కాదు, బాకీని. దీన్ని ట్యాక్స్ లియన్ అంటారు. యజమాని బదులు మదుపరి పన్ను కడతాడు. యజమాని తర్వాత వడ్డీతో కలిపి తీర్చాలి. ఫ్లోరిడాలో ఈ వడ్డీ 18 శాతం దగ్గర మొదలై వేలంలో కిందికి దిగుతుంది. ఎవరు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటే వారికే సర్టిఫికెట్. న్యూజెర్సీలో కూడా గరిష్ఠం 18 శాతమే. గడువులోగా యజమాని తీర్చకపోతే సర్టిఫికెట్ ఉన్నవాడు ఇంటి మీదికి వెళ్తాడు. ఫ్లోరిడాలో అతని దరఖాస్తు మీద ఇల్లు మళ్లీ వేలానికి వస్తుంది. న్యూజెర్సీలో కోర్టుకెక్కాలి.

టెక్సస్, జార్జియా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో నేరుగా ఆస్తినే పాటకు పెడతారు. టెక్సస్‌లో ముందు కోర్టులో దావా, తీర్పు, ఆ తర్వాత వేలం. నెలలో మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర షెరీఫో కానిస్టేబులో పాట నడిపిస్తారు. కొన్ని కౌంటీలు ఇప్పుడు దీన్ని ఆన్‌లైన్‌కు మార్చాయి. పాటదారుకు దక్కేది వారంటీ లేని దస్తావేజు. ఈ ఇంటి మీద నాకు పూర్తి హక్కుంది, అది నీకు ఇస్తున్నాను అనే హామీ అందులో ఉండదు. పాత యజమానికి ఎంత హక్కుందో, దాన్ని కౌంటీ ఎంత సరిగా లాక్కుందో, అంతే కొన్నవాడికి వస్తుంది.

ఒక ఉత్తరం వెనక్కి వస్తే

ఈ వ్యవహారంలో పాటదారులు తప్పక తెలుసుకోవలసిన తీర్పు 2006లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్. ఆర్కన్సా రాష్ట్రం లిటిల్‌రాక్‌లో ఒకాయన 1967లో ఇల్లు కొన్నాడు. 30 ఏళ్లు నెలనెలా కిస్తీ కట్టాడు. ఆ కిస్తీలోంచే తాకట్టు కంపెనీ ఆస్తి పన్ను కట్టేది. 1993లో భార్యతో విడిపోయి ఆయన అద్దె ఇంటికి మారాడు, ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. 1997లో అప్పు తీరింది. దాంతో తాకట్టు కంపెనీ పన్ను కట్టడం ఆగిపోయింది. ఆయనా కట్టలేదు.

2000లో రాష్ట్ర భూముల కమిషనర్ కార్యాలయం ఆ ఇంటి చిరునామాకు సర్టిఫైడ్ ఉత్తరం పంపింది. సంతకం పెట్టి తీసుకునేవారు ఇంట్లో లేరు. పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకున్నవారూ లేరు. ఉత్తరం ‘ఎవరూ తీసుకోలేదు’ అన్న ముద్రతో తిరిగొచ్చింది. రెండేళ్ల తర్వాత పత్రికలో అమ్మకం ప్రకటన వేశారు. మరో సర్టిఫైడ్ ఉత్తరం పంపారు, అదీ వెనక్కే వచ్చింది. 80 వేల డాలర్ల విలువ చేసే ఇల్లు 21,042 డాలర్లకు అమ్ముడైంది. ఇల్లు ఖాళీ చేయమని కొన్నావిడ ఇచ్చిన నోటీసు ఆ ఇంట్లో ఉన్న కూతురి చేతికి అందింది. తండ్రికి విషయం తెలిసింది అప్పుడే.

సుప్రీం కోర్టు 5–3 మెజారిటీతో ఆయన పక్షాన తీర్పిచ్చింది. చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ తర్కం సూటిగా ఉంది. ఉత్తరం పంపడంతో బాధ్యత తీరిపోదు. అది అందలేదని ప్రభుత్వానికి తెలిసిన మరుక్షణం ఇంకేదో చేయాలి. మామూలు పోస్టులో మళ్లీ పంపవచ్చు, ఇంటి తలుపుకు అంటించవచ్చు, ‘ఈ ఇంట్లో ఉంటున్నవారికి’ అని రాసి పంపవచ్చు. ఇల్లు లాక్కోవడమంత పెద్ద పనికి దిగిన ప్రభుత్వం ఆ మాత్రం శ్రమ పడకపోతే రాజ్యాంగం ఒప్పుకోదు.

ఈ తీర్పుకు మూలాలు పాతవే. ఆస్తి మీద హక్కున్నవారికి నిజంగా కబురు చేరేలా ప్రయత్నించాలని 1950లోనే ముల్లేన్ కేసులో కోర్టు చెప్పింది. 1983లో మెనొనైట్ బోర్డ్ కేసులో ఆ సూత్రాన్ని తాకట్టు పట్టినవారికి కూడా వర్తింపజేసింది. ఇండియానాలో జరిగిన ఆ ఉదంతం విచిత్రమైనది. ఇల్లు తాకట్టు పెట్టిన ఆవిడ పన్ను ఎగ్గొట్టినా కిస్తీలు మాత్రం ఠంచనుగా కట్టేది. 1977లో ఇల్లు 1,167 డాలర్లకు పన్ను వేలంలో పోయింది. అప్పిచ్చిన మెనొనైట్ సంస్థకు ఆ సంగతి తెలిసేసరికి 1979 వచ్చింది, విడిపించుకునే రెండేళ్ల గడువూ దాటింది. పత్రికలో ప్రకటన, కోర్టు గోడ మీద కాగితం సరిపోవని, తాకట్టు దస్తావేజు రికార్డుల్లో ఉన్నప్పుడు ఆ సంస్థకు నేరుగా కబురు పెట్టాల్సిందేనని కోర్టు తేల్చింది.

గడువు దాటిపోతే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. టెక్సస్ చట్టం ప్రకారం పన్ను అమ్మకాన్ని సవాలు చేయడానికి చాలా సందర్భాల్లో ఏడాది, కొన్నిసార్లు రెండేళ్లు మాత్రమే సమయం. అయినా 1999 నాటి ఒక పన్ను తీర్పు మీద వారసులు 2015లో కోర్టుకు వెళ్లారు. అప్పట్లో అమ్మింది ఖనిజ హక్కుల్ని. యజమానురాలి చిరునామా దొరకలేదంటూ బహిరంగ ప్రకటనతో సరిపెట్టారు. నిజానికి ఆమె చిరునామా అదే కౌంటీలో రిజిస్టరైన దస్తావేజుల్లో ఉంది. 2022లో టెక్సస్ సుప్రీం కోర్టు మిచెల్ వర్సెస్ మ్యాప్ రిసోర్సెస్ తీర్పులో వారసుల వాదన వినాల్సిందేనంది. కబురే సరిగా వెళ్లనప్పుడు గడువు అడ్డుకాదన్నది సారాంశం. వేలం జరిగి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

కొన్నాక కూడా పాత యజమానిదే మాట

నోటీసులన్నీ సక్రమంగా వెళ్లాయనే అనుకుందాం. అప్పుడైనా కొత్త ఇల్లు కొత్త యజమానిదేనా? చాలా రాష్ట్రాల్లో ఇంకా కాదు. వేలం తర్వాత కూడా డబ్బు కట్టి ఇంటిని వెనక్కి తీసుకునే హక్కు పాత యజమానికి ఉంటుంది.

టెక్సస్‌లో సొంత నివాసానికీ వ్యవసాయ భూమికీ ఈ గడువు రెండేళ్లు, మిగతా ఆస్తులకు 180 రోజులు. పాటదారు దస్తావేజు రికార్డయిన రోజు నుంచి లెక్క. మొదటి ఏడాదిలో విడిపించుకుంటే పాట ధర మీద 25 శాతం, రెండో ఏడాదిలో 50 శాతం అదనంగా ఇవ్వాలి. జార్జియాలో మొదటి ఏడాదికి అదనం 20 శాతం. అక్కడ మరో మెలిక ఉంది. ఏడాది గడవగానే పాత యజమాని హక్కు దానంతట అది పోదు. కొన్నవాడే అతనికీ, ఆస్తిలో ప్రయోజనం ఉన్న మిగతావారికీ నిర్ణీత పద్ధతిలో నోటీసులిచ్చి ఆ హక్కును మూసేయాలి. ఈ పని మరిచి, తర్వాత అమ్మబోతూ నాలుక కరుచుకునేవారుంటారు.

పాతిక శాతం లాభం వస్తే మంచిదేగా అని మదుపరి అనుకోవచ్చు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇల్లు చేతికి రాగానే వంటగది పగలగొట్టి కొత్తది కట్టించినవారి దగ్గర. టెక్సస్ చట్టం పాటదారుకు తిరిగిప్పించే ఖర్చుల జాబితా చిన్నది. బీమా, ఇల్లు పాడవకుండా చూసుకున్న ఖర్చు, నగర నిబంధనలు తప్పనిసరి చేసిన మరమ్మతులు, నివాసుల సంఘం బకాయిలు వంటివి అందులోకి వస్తాయి. ముచ్చటపడి వేయించిన గ్రానైటు రాదు. 40 వేల డాలర్లు పెట్టి ఇంటిని అద్దంలా చేశాక పదకొండో నెలలో పాత యజమాని చెక్కుతో వస్తే, ఆ సోకు అంతా అతనికే కానుక. అందుకే అనుభవమున్నవారు గడువు తీరేదాకా ఇంటికి తాళం వేసి, బీమా కట్టి, పైకప్పు కారకుండా చూసుకుని ఊరుకుంటారు.

కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. వేలానికి ముందు పనిదినాన కార్యాలయం మూసేదాకానే విడిపించుకునే వీలు. ఆ తర్వాత లేదు. అలాగని అక్కడ భరోసా పూర్తిగా ఉందనుకుంటే, ప్రెసిడియో టెర్రస్ అదే రాష్ట్రంలో ఉంది.

ఇంటితో పాటు వచ్చేవి

పన్ను వేలంతో పాత అప్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయని ఒక ప్రచారం ఉంది. తాకట్టుల విషయంలో, సరైన కబురు వెళ్లి ఉంటే, అది చాలావరకు నిజమే. మిగతావి రాష్ట్రాన్ని బట్టి, కబురును బట్టి.

ఫ్లోరిడాలో నగరానికో కౌంటీకో రావలసిన బాకీ రికార్డుల్లో ఉంటే అది పన్ను దస్తావేజు తర్వాత కూడా ఇంటిని వదలదు. నిబంధనల ఉల్లంఘన జరిమానాలు ఇందులో ముఖ్యం. అవి ఎంత పెరుగుతాయో చెప్పడానికి డనీడిన్ పట్టణం మంచి ఉదాహరణ. 2018లో అక్కడ ఒక యజమాని ఊళ్లో లేనప్పుడు పెరట్లో గడ్డి మితిమీరి పెరిగింది. రోజుకు 500 డాలర్ల చొప్పున పట్టణం వేసిన జరిమానా దాదాపు 30 వేల డాలర్లకు చేరింది. ఆయన ఇల్లు పన్ను వేలానికి రాలేదు, కేసు వేరే దారిన నడిచింది. కానీ ఏళ్ల తరబడి పన్నే కట్టని ఇంట్లో గడ్డి కోసేవారు ఉంటారా? ఐదు వేల డాలర్లకు దొరికిన ఖాళీ ఇంటి మీద యాభై వేల జరిమానాలు ఉండవచ్చు.

పాత యజమాని కేంద్రానికి ఆదాయ పన్ను బాకీ పడి, కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తన హక్కును ఇంటి మీద నమోదు చేయించి ఉంటే అది మరో చిక్కు. కోర్టు ప్రమేయం లేకుండా జరిగే వేలానికి కనీసం 25 రోజుల ముందు ఐఆర్‌ఎస్‌కు లిఖితపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే దాని హక్కు ఇంటి మీద అలాగే నిలుస్తుంది. తెలిపినా సరే, అమ్మకం తర్వాత 120 రోజుల పాటు, రాష్ట్ర చట్టంలో గడువు అంతకన్నా ఎక్కువుంటే అన్ని రోజుల పాటు, ఆ ఇంటిని పాట ధర ఇచ్చి తానే తీసుకునే అధికారం ఐఆర్‌ఎస్‌కు ఉంటుంది.

యజమాని దివాలా పిటిషన్ వేసిన క్షణం నుంచి కేంద్ర చట్టం వసూళ్లన్నింటికీ అడ్డుకట్ట వేస్తుంది. వేలం రోజు ఉదయం పిటిషన్ పడి, ఆ సంగతి కౌంటీకి అందకముందే మధ్యాహ్నం పాట జరిగిపోతే, ఆ పాట నిలవదు. సైన్యంలో ఉన్నవారికి ఇంకో రక్షణ ఉంది. సేవలో ఉండగా కోర్టు ఉత్తర్వు లేకుండా వారి ఇంటిని పన్ను కింద అమ్మకూడదు. అమ్మితే సేవ ముగిసిన 180 రోజుల దాకా విడిపించుకోవచ్చు.

ఇక ఇంట్లో మనుషులుంటే? వేలానికి ముందు లోపలికి వెళ్లి చూసే అవకాశం సాధారణంగా ఉండదు. కిటికీలోంచి తొంగి చూడటం, పక్కింటివారిని అడగటం, అంతే. ఇల్లు కొన్నాక లోపల ఉన్నది పాత యజమాని కావచ్చు, ఆయన తల్లి కావచ్చు, అద్దెకున్నవారు కావచ్చు. ఖాళీ చేయించడానికి కోర్టు ద్వారానే వెళ్లాలి. కొత్త తాళం వేసేసి, కరెంటు తీయించేసి బయటికి పంపబోతే కొన్నవాడే ముద్దాయి అవుతాడు.

అమ్మబోయే రోజున

ఇవన్నీ దాటినవారికి అసలు పరీక్ష ఇంటిని తిరిగి అమ్మేటప్పుడు. అమెరికాలో ఇల్లు కొనేవారు బ్యాంకు అప్పు తీసుకుంటే బ్యాంకు టైటిల్ ఇన్సూరెన్స్ అడుగుతుంది. హక్కు భుక్తాల్లో ఏదైనా లోపం బయటపడితే నష్టం భరిస్తామని బీమా కంపెనీ ఇచ్చే హామీ అది. దస్తావేజుల వరసలో ఈమధ్యే జరిగిన పన్ను అమ్మకం కనబడగానే చాలా కంపెనీలు వెనకడుగు వేస్తాయి. పైన చెప్పిన కేసులన్నీ వాటికి కంఠతా వచ్చు మరి.

అప్పుడు మిగిలే దారి క్వయట్ టైటిల్ దావా. పాత యజమాని, ఆయన వారసులు, తాకట్టు పట్టినవారు, ఇంటి మీద మాట్లాడగల ప్రతివారినీ ప్రతివాదులుగా చేర్చి, వీరెవరికీ ఇక హక్కు లేదని కోర్టు చేత చెప్పించుకోవాలి. ఎవరూ ఎదురు నిలవకపోతే కొన్ని నెలల్లో, వేల డాలర్ల ఖర్చుతో తెములుతుంది. ఎవరైనా వకీలును పెట్టుకుని వస్తే లెక్క మారిపోతుంది. ఈ దావాలోనూ ప్రతి ఒక్కరికీ సరైన నోటీసు వెళ్లాలి. చనిపోయిన యజమానికి నలుగురు పిల్లలుండి ముగ్గురికే వెళితే నాలుగోవారి హక్కు బతికే ఉంటుంది.

మిగులు ఎవరిది?

2023 మే 25న అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన మరో తీర్పు ఈ వ్యాపారాన్ని కుదిపింది. మినియాపలిస్‌లో ఒక వృద్ధురాలు భద్రత కోసం 2010లో తన ఫ్లాట్ వదిలి వృద్ధుల నివాసానికి మారింది. ఫ్లాట్ పన్ను ఎవరూ కట్టలేదు. అసలు 2,300 డాలర్లు, వడ్డీలూ రుసుములూ కలిసి 15 వేలు. హెనెపిన్ కౌంటీ ఫ్లాట్‌ను 40 వేలకు అమ్మి, తన 15 వేలతో పాటు మిగతా 25 వేలు కూడా ఉంచేసుకుంది. అప్పటి మినెసోటా చట్టం అందుకు ఒప్పుకుంది. టైలర్ వర్సెస్ హెనెపిన్ కౌంటీ కేసు సుప్రీం కోర్టుకు చేరేనాటికి ఆమెకు 94 ఏళ్లు. న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఒకే మాట చెప్పారు. బాకీకి మించి ప్రభుత్వం ఒక్క డాలరు ఉంచుకున్నా అది పరిహారం లేకుండా ఆస్తి లాక్కోవడమే. ఈ సూత్రానికి వేళ్లు 1215 నాటి మాగ్నాకార్టా దాకా ఉన్నాయని తీర్పు గుర్తుచేసింది.

మిషిగన్‌లో అంతకు మూడేళ్ల ముందే ఇలాంటి తీర్పు వచ్చింది. అక్కడ ఒక యజమాని పన్ను లెక్కలో 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ కట్టాడు. వడ్డీ, రుసుములతో అది 285 డాలర్లయింది. కౌంటీ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి మొత్తం జేబులో వేసుకుంది. 2020లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు అది కుదరదంది.

మిగులు తగాదా కౌంటీకీ పాత యజమానికీ మధ్యది కదా, కొన్నవాడికేం అనిపించవచ్చు. వేలంలో ఇల్లు కొన్నవారికి నేరుగా దెబ్బ లేదు. దెబ్బ తగిలింది లియన్ సర్టిఫికెట్ కొని, గడువు తీరాక ఏ వేలమూ లేకుండా ఇల్లు మొత్తాన్ని రాయించుకునేవారికి. నెబ్రాస్కాలో అలా ప్రైవేటు మదుపరుల చేతికి పోయిన ఇళ్ల కేసుల్లో వారికి అనుకూలంగా వచ్చిన తీర్పుల్ని సుప్రీం కోర్టు 2023 జూన్‌లో కొట్టివేసి, టైలర్ తీర్పు వెలుగులో మళ్లీ చూడమంది. న్యూజెర్సీ 2024లో చట్టం మార్చింది. ఐదు వేల పన్ను కట్టి రెండు లక్షల ఇల్లు రాయించుకునే పాత లెక్క ఇక చెల్లదు.

మనవాళ్లకు దీనితో పని

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్, న్యూజెర్సీలోని ఎడిసన్, అట్లాంటా చుట్టుపక్కల ఊళ్లు తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే చోట్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, ఆస్తి పన్ను మాత్రం బరువు. వారిలో కొందరు పాటలో కొనేవారు కావచ్చు. ఇల్లు పాటకు పోయే ప్రమాదం మాత్రం ఇంకెక్కువమందికి ఉంది. అప్పు ఉన్నంతకాలం సాధారణంగా బ్యాంకు కిస్తీలోంచే పన్ను కడుతుంది. అప్పు ముందే తీర్చేసినవారు, రొక్కం పెట్టి అద్దె ఇల్లు కొన్నవారు, ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చేసినవారు ఆ బాధ్యత తమదేనని గుర్తుంచుకోవాలి. అప్పు తీరాక పన్ను ఆగిపోవడమే లిటిల్‌రాక్ ఇంటికి జరిగింది. కౌంటీ రికార్డులో పాత చిరునామా ఉంటే తాఖీదు అద్దెకున్నవారి పోస్టు డబ్బాలో పడుతుంది. కౌంటీ వెబ్‌సైటులో చిరునామా మార్చుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు.

మన దగ్గర ఆస్తి పన్ను బకాయికి మున్సిపాలిటీలు రెడ్ నోటీసులు అంటించడం, దుకాణాలకు సీలు వేయడం మామూలు. ఇల్లు వేలం దాకా వెళ్లడం అరుదు. ప్రభుత్వ బకాయిలకు ఆస్తి అమ్మే చట్టం మాత్రం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి 1864 రెవెన్యూ రికవరీ చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికీ నడుస్తోంది. అందులోనూ వేలం అయిన 30 రోజుల్లోగా బకాయి కట్టి, పాటదారుకు పాట మొత్తం మీద 5 శాతం అదనంగా జమ చేస్తే యజమాని అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. వేలం నిర్వహణలో తీవ్రమైన లోపం ఉందనీ సవాలు చేయవచ్చు.

ఇక్కడ జనం ఎక్కువగా చూసేది అప్పు తీర్చనివారి తాకట్టు ఆస్తులకు సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు వేసే వేలాలు. ఉన్నది ఉన్నట్టుగా, ఎక్కడున్నది అక్కడే అన్న షరతు ఆ ప్రకటనల్లో తప్పక కనిపిస్తుంది. దాని బరువు ఎంతో 2023లో కె.సి.నైనన్ కేసులో మన సుప్రీం కోర్టు చూపించింది. పాత యజమాని కట్టని కరెంటు బిల్లును, నిబంధనలు అనుమతిస్తే, వేలంలో కొన్నవారి దగ్గర అడగవచ్చంది. ఆస్తి పన్ను బకాయి మీద మాత్రం 1971లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో కొన్నవాడి వైపు మొగ్గింది. బకాయి ఉన్నట్టు అతనికి తెలియనప్పుడు ఆస్తి మీద నుంచి దాన్ని రాబట్టడానికి వీల్లేదంది. అయితే తెలియదని ఈ రోజు చెప్పడం అంత తేలిక కాదు. ఇంటి నంబరు కొడితే బకాయి ఫోనులోనే కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మన బ్యాంకు వేలాలు టెక్సస్‌కు పూర్తిగా వ్యతిరేకం. సెలీర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ కేసులో 105 కోట్లకు పాట ముగిశాక అప్పుదారు 129 కోట్లు తెచ్చిస్తానన్నాడు. వేలం ప్రకటన వెలువడ్డాక విడిపించుకునే హక్కు లేదని 2023లో సుప్రీం కోర్టు చెప్పి, ఆస్తిని పాటదారుకే ఇప్పించింది.

పాటకు ముందు లెక్క

అమెరికాలో ఈ రంగంలో ఏళ్లుగా ఉన్నవారు వేలం రోజుకన్నా ముందు వారాల్లోనే ఎక్కువ పని చేస్తారు. టెక్సస్‌లో అయితే పన్ను దావా ఫైలు కోర్టులో తెరిచి ఎవరెవరికి సమన్లు వెళ్లాయో, ఏ ఉత్తరం వెనక్కి వచ్చిందో, వచ్చాక కౌంటీ ఏం చేసిందో చూస్తారు. యజమాని బతికి ఉన్నారా, వారసులెవరు, దివాలా కోర్టు రికార్డుల్లో పేరుందా, ఐఆర్‌ఎస్ నమోదు ఉందా, నగరం జరిమానాలు ఎంత అన్నవి వరసగా తేల్చుకుంటారు. ఇదంతా తేలాకే పాట ధర గురించి ఆలోచిస్తారు.

ఊహాత్మకంగా ఒక ఇంటినే తీసుకుందాం. బజారులో 2 లక్షల డాలర్లకు అమ్ముడుపోయే ఇల్లు. మరమ్మతులకు 35 వేలు. నగరానికి చెల్లించాల్సిన జరిమానాలు 12 వేలు. ఖాళీ చేయించడం, ఏడాది పన్ను, బీమా కలిపి 10 వేలు. క్వయట్ టైటిల్ దావాకు 5 వేలు. తిరిగి అమ్మేటప్పుడు కమిషను, ఇతర ఖర్చులు 12 వేలు. మొత్తం 74 వేలు పోగా మిగిలేది లక్షా 26 వేలు. ఒకటి రెండేళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది, ఆలోగా పాత యజమాని తిరిగి రావచ్చు, ఆ అనిశ్చితికి 30 వేలు పక్కన పెడితే పాట 96 వేలు దాటకూడదు. కోర్టు మెట్ల మీద కొత్తవాళ్లు లక్షా 10 వేలు, లక్షా 20 వేలు అని అరుస్తుంటే, ఈ లెక్క వేసుకుని వచ్చినవారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జాబితాలో తర్వాతి ఇంటి నంబరు కోసం చూస్తారు.